ధర్మపురిని నడచి చూచుట



గోదావరీ పుష్కరములు మరల సమీపించుచున్నవి. బృహస్పతి సింహరాశియందు ప్రవేశించు సమయమున, అనగా పండ్రెండేండ్ల కొకమారు, ఈ నదికి పుష్కరము వచ్చునని మీరెల్లరు నెరుగుదురు. గడచినది 2015 జూలై 14వ తేదీన మొదలైనది, రానున్నది 2027లో. నాటి పుష్కరమునకు మేమును ధర్మపురికి బోయితిమి. అచట నేమి చూచితిరని యెవరైన నడిగినచో, ముందున్నవారి వీపులను, వెనుకనున్నవారి మూటలను జూచితిమని చెప్పవలసినదే. దేవుని జూచినది రెప్పపాటు. త్రోపులాటలో నిలిచినది పూట. అందుచేత ఈ మారు ఆ సందడి రాకమునుపే, ఉత్సవ మేదియు లేని సామాన్యమైన యొక మార్గశిరదినమున, ఆ యూరిని కాలినడకను నెమ్మదిగా జూడ నిశ్చయించుకొంటిమి. ఈ నెల ముచ్చట యదియే.

మన యాత్ర లెట్లు జరుగునో చెప్ప నక్కరలేదు. బస్సు దిగుట, మునుగుట, వరుసలో నిలుచుట, ప్రసాదపు పొట్లము కొనుట, మరల బస్సెక్కుట. 2023 డిసెంబరు 9వ తేదీ మొదలు తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు రుసుము లేకుండుటచే ఆడువారి యాత్రలు మిక్కిలి పెరిగినవి. ఇది మేలే. చేత పైకము లేక, పెనిమిటినో కొడుకునో యడిగి గాని గడప దాటలేని యిల్లాండ్రు నేడు నలుగురు గూడి బయలుదేరుచున్నారు. కాని పోవుట సులభమైనంత మాత్రమున చూచుట యలవడలేదు. కాశిలో పంచక్రోశయాత్రను నేటికిని కాలినడకనే చేయువారు గలరు. ధర్మపురి కాశియంత పెద్దది గాదు. వడిగా నడచినచో గంటలో ఊరు ముగియును. మెల్లగా నడచినచో దినమంతయు జాలదు.

మేము జగిత్యాలలో నుందుము. అచటినుండి ధర్మపురి సుమారు 30 కిలోమీటర్లు. మావారు పాఠశాలలో నుపాధ్యాయులు గావున వారికి సెలవు దొరకలేదు. దొరకకుండుటయే మంచిదయ్యెను, మగవారు వెంటనున్నచో గడియారమును వెంటనుండును. మాతో గోరుట్లకు కోడలైన మా పినతల్లి కూతురు వచ్చినది. కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మూడును ఒకే జాతీయరహదారిపై నున్నవి గనుక నామెకు త్రోవ తిన్ననిది. మూడవయామె సిరిసిల్లనుండి వేములవాడ మీదుగా ముందునాటి సాయంకాలమే మా యింటికి జేరినది. పూర్వము మావారు సిరిసిల్లలో పనిచేసినపుడు మాకు పొరుగున నుండిన పద్మశాలీల యింటి పెద్ద యిల్లాలీమె. పెద్దమ్మ యని పిలుతుము. ఆమె పెనిమిటి మగ్గమునేసి బ్రతికినవాడు, కాలముచేసి ఆరేండ్లైనది. ధర్మపురికి వత్తునని ఆమె తనంతట దానే కబురు పంపినది. ఎందుకో మేమడుగలేదు.

మాకు త్రోవ చూపినది మావారికి దూరపుబంధువైన యొక అవ్వ. ఎనుబదేండ్లు దాటినవి. పదమూడవయేట ఈ యూరికి కోడలై వచ్చినది. ఆమె మామయు, భర్తయు యాత్రికులకు తీర్థవిధులు జరిపించిన పురోహితులు. చేతికఱ్ఱ యున్నది గాని, దానిని నడచుటకు గాక చూపుటకే వాడును. మేము రిక్షా పిలువబోగా, "కాళ్లు లేవా బిడ్డా? గుడి యాడికి పోదు, గంగ యాడికి పోదు. నడుండ్రి," అన్నది. మన ప్రాంతమువారు గోదావరిని గంగయనియే యందురు గదా.

తెల్లవారకముందే రేవునకు గొనిపోయినది. మేము నీటిలో దిగి తూర్పుమొగము పెట్టి నిలువగా, "ఇప్పుడు నీళ్లు ఎటు పోతున్నయో సూడుండ్రి" అన్నది. నాసికమునకు జేరువ త్ర్యంబకమున బుట్టి, కందకుర్తివద్ద తెలంగాణమును జొచ్చి, సముద్రము చేరులోపల 1465 కిలోమీటర్లు పారు ఈ నది మొత్తముమీద తూర్పునకు బోవునది. ధర్మపురివద్ద మాత్రము దక్షిణమునకు దిరుగును. దక్షిణవాహిని యని తీర్థమాహాత్మ్యము చెప్పువారెల్లరు ఈ మాట చెప్పుదురు. మేమును పలుమారులు వింటిమి. కాని దక్షిణమన నెవరి దిక్కు? యముని దిక్కు. నది యముని దిక్కునకు మళ్లినచోట ఊరు వెలసినది, ఆ యూరిలో యమునికి గుడి వెలసినది. ఇంత తిన్నని సంగతి అవ్వ కఱ్ఱయెత్తి చూపువరకు మాకు దట్టలేదు. ధర్మపురికి బోయినవారికి యమపురి లేదను సామెత యొక్క మూలము కూడ ఇచటనే యున్నదని మా యూహ.

స్నానమైనపిదప తడిబట్టలతో మెట్లెక్కితిమి. బట్టలు మార్చుకొను గదులు కొన్నిచోట్ల నున్నవట. మేము దిగిన చోట లేవు. ఒకరు చీర యడ్డముపట్టగా నొకరు కట్టుకొనుట మన తల్లుల కాలమునుండి వచ్చుచున్న విద్యయే గాని, చేతిఫోను పట్టుకొని చిత్రములు దీయువారు రేవునిండ నుండు ఈ దినములలో ఆ చీరచాటు చాలదు. పుష్కరమునకు దీపతోరణములు కట్టించువారు మొదట నాలుగు గోడలు గట్టించినచో ఆడువారి దీవెన వారికి దక్కును.

అచటనుండి కోనేటికి నడచితిమి. దీనికి బ్రహ్మపుష్కరిణి యని పేరు. మెట్లతో నలుచదరమైనది, నడుమ మండపము. ఫాల్గుణమాసమున బ్రహ్మోత్సవములలో స్వాములు తెప్పపై విహరించి యీ మండపమున డోల లూగుదురు. యోగానంద నరసింహునికి, ఉగ్రనరసింహునికి, వేంకటేశ్వరునికి వేర్వేరు దినములు. మేము చూచిననాడు మెట్లపై నెవరును లేరు. ఒక పిల్లవాడు మాత్రము పాఠము వల్లెవేయుచుండెను. ఈ యూరు వేదమునకు, సంస్కృతమునకు పేరెన్నికగన్నది, సంస్కృతకళాశాలయు నున్నది. అవ్వ యా పిల్లవాని ప్రక్క నొక నిమిషము నిలిచి, ఒకచోట స్వరము దిద్ది, కదలినది. వేదము చదువుటకు ఆమె కధికారము లేదని చెప్పినవారి యింటనే యరువదేండ్లకు పైగా వినివిని ఆమెకు వచ్చినదట. ఆ పిల్లవాడు తెల్లబోయి చూచెను. మాకు నవ్వు వచ్చినది, గర్వమును గలిగినది.

ఆలయమునందలి మూలస్వామి లక్ష్మీసమేత యోగానంద నరసింహమూర్తి. హిరణ్యకశిపుని జీల్చిన యా రోషమంతయు దీరి, యోగమున గూర్చున్న రూపము. పోతనగారి సప్తమస్కంధము ఇంట జదువుకొన్నవారికి ఆ రోషము తెలియును. ఎవరును దగ్గరకు బోవ జంకినపుడు చిన్నబిడ్డడు ప్రహ్లాదుడు పోయి నిలుచుటయు దెలియును. ఉగ్రమూర్తికి వేరుగా గుడి యున్నది. ఈ ఆవరణలోనే బ్రహ్మకును మూర్తి గలదు. బ్రహ్మకు పూజ యరుదు గదా. అందుచే త్రిమూర్తిక్షేత్రమనియు దీనిని పిలుతురు.

ఇచట శేషప్పకవి పేర నొక కళావేదిక యున్నది. నరసింహశతకము రానివారు మనలో నెవరు? ప్రతి సీసపద్యము చివర మకుటమున ధర్మపురిని దలచుచునే యున్నాము గాని, ఆ ధర్మపురి యిదియే యని తెలియని పిల్ల లనేకులు గలరు. మా చెల్లెలికిని తెలియదు. మా యిండ్లలో ఆడపిల్లలకు అక్షరములు రాకముందే శతకములు వచ్చును గదా. ఆమెయు నట్లే నేర్చినది, ఊరి పేరు దాటి పోవుచు. మాకా శతకమున మిక్కిలి యిష్టమైనది మరణమును గూర్చిన పద్యము. బ్రతికినంతకాలము నిన్ను దలతును గాని, కడపటివేళ కఫము గొంతునకు అడ్డుపడి, దేహము స్వాధీనము దప్పి మఱచిపోదునేమో. కావున నిప్పుడే పిలుచుకొనుచున్నానని కవి మొరపెట్టుకొనును. మంచమున బడిన పెద్దలకు సేవచేసిన స్త్రీలకు ఆ పద్యములోని నిజము తెలిసినట్లు పండితులకు దెలియదు. ఈ పద్యము ఇంట గూర్చుండి చదువుట వేరు, యముని గుడికి కొన్ని యడుగుల దూరమున దలచుట వేరు.

ఆ గుడిని గూర్చి చెప్పెదను. యమధర్మరాజునకు ఆలయము లరుదు. ఇచటి మందిరము పెద్ద యాలయముతో నంటియే యున్నది. లోపల గండదీపము వెలుగుచుండును. వచ్చినవారు తమ గండములు తొలగుటకై అందులో నూనె పోయుదురు. నెలనెల భరణీనక్షత్రమున నభిషేకము. కార్తీకశుద్ధ విదియనాడు విశేషపూజ. యముడు తన చెల్లెలు యమున యింట భుజించిన దినమని, సోదరులు ఆడపడుచుల చేతివంట తినవలసిన భగినీహస్తభోజనపు దినమని మీరెరుగుదురు. లోకమంతయు తలుపు మూసికొను నతిథికి తలుపు దీసి విస్తరి వేసినది ఒక చెల్లెలు! ఈ కథను మన మగవారు భోజనమునకై జ్ఞాపకముంచుకొందురు. మనము మఱియొకందుకు జ్ఞాపకముంచుకొన వచ్చును.

సావిత్రికథ మాకచట గుర్తునకు వచ్చినది. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వశేషములో నున్న కథ. సత్యవంతుని ప్రాణమును గొని యముడు దక్షిణముగా నడచుచుండ, ఆమె యేడ్చుచు గూలబడలేదు. వెంట నడచినది. ఏడడుగులు కలిసి నడచినవారు మిత్రులందురు, మిత్రులతో మాట్లాడవచ్చునని యాతనితో సంభాషణము సాగించినది. వరములన్నియు ఆ నడకలో వచ్చినవే. వ్రతకథలో దీనిని సగము చెప్పి ముగింతురు. పాతివ్రత్యమహిమచే భర్తను దెచ్చుకొన్నదందురు. మూలము చదివినవారికి కనబడునది ఆమె మాటనేర్పు, ధర్మజ్ఞానము, కాళ్ల యోపిక. మా చెల్లెలు గండదీపమున నూనె పోసినది. పెద్దమ్మ పోయలేదు. ఆమె చాలసేపు లోనికి జూచుచు నిలిచి, "ఈయనతోని నాకు లెక్క తీరింది" అని వెలుపలికి వచ్చెను.

రామలింగేశ్వరాలయమును దర్శించితిమి, లింగమును శ్రీరాముడు ప్రతిష్ఠించెనని చెప్పుదురు. నరసింహాలయపు పొరుగుననే మసీదున్నది. మేము పోవునప్పటికి బాంగు వినబడెను, అదే సమయమున గుడిలో గంటయు మ్రోగెను. అవ్వకు చిన్ననాటినుండి రెండును గడియారములే.

ఇసుకస్తంభమును జూపించుమని చెల్లెలు తొందరపెట్టినది. సత్యవతి యను పతివ్రత కథ. ఆమె భర్త శాపముచే సర్పరూపుడై యుండగా, ఆమె తీర్థములు దిరిగి దిరిగి ఇచట గోదావరిలో స్నానమాడినపుడు అతనికి మనుష్యరూపము వచ్చెననియు, ఆమె శీలమునకు నిదర్శనముగా ఇసుకతో స్తంభము నిలిపెననియు చెప్పుదురు. "పామై యుండినవాడాయన, రుజువు చూపించవలసినది ఈమెయా అక్కా?" అని చెల్లెలడిగెను. అవ్వ చెవిటిదానివలె ముందుకు నడచినది. ఆమెకు చెవులు బాగుగనే వినబడును.

మధ్యాహ్నము అవ్వ యింటి యరుగుమీద గూర్చుండి మేము కట్టుకొని పోయిన సద్ది విప్పితిమి: పెద్దమ్మ చేసిన సర్వపిండి, చెల్లెలి సకినాలు, మా పులిహోర. అవ్వ పెరుగు పోసినది. తినుట ముగించి చేయి కడుగుకొనుచు పెద్దమ్మ అప్పుడు మెల్లగా నన్నది: "అవ్వా, బూడిద యాడ కలుపుతరు? మా ఆయనను యాడ కలిపిండ్రో నాకు చూపియ్యి."

ఆమె పెనిమిటి యస్థులను కొడుకులిద్దరు ముంతలో గట్టి ధర్మపురికి దెచ్చిరట. ఆమె యింటనే యుండెను. ఆడువారు రారాదనిరి. ధర్మపురి యను మాట తప్ప ఆమెకేమియు దెలియదు. ఆరేండ్లుగా ఆ మాటకొక రూపము గల్పించుకొనుటకు యత్నించుచున్నదట. పెద్ద కొండలనో, నల్లని నీటినో ఊహించుకొని రాత్రులు నిద్రపట్టదట.

అవ్వ తర్కింపలేదు. కఱ్ఱ తీసికొని లేచినది. ఎండ తగ్గినపిదప ఉదయము మేము స్నానమాడిన చోటికి కొంతదూరమున మఱియొక ఒడ్డునకు నడిపించినది. చూడదగిన స్థలము గాదు. పగిలిన ముంతలు, వాడిన బంతిపూలు, విస్తరాకులు, ప్లాస్టిక్కు సంచులు. ఎగువ పోచంపాడువద్ద శ్రీరాంసాగరునుండి నీరు రానపుడు నది సన్ననిపాయయై ఇసుకమేటల మధ్య బోవును; ఆనాడట్లే యుండెను. క్షౌరము చేయించుకొన్న ఇద్దరు యువకులు తడిగుడ్డలతో నిలిచియుండిరి. మమ్ము జూచి కొంచెము ప్రక్కకు దొలగిరి. ఎవరును మమ్ము పొమ్మనలేదు.

పెద్దమ్మ నీటిదాక నడచి, "లోతు లేదు గదా" అనెను. "లేదు బిడ్డా, మోకాలి మట్టు" అన్నది అవ్వ. ఆమె కొంగుముడి విప్పి ఒక కండె తీసినది. ఆయన మగ్గము నేయునపుడు రాట్నముమీద కండెలు చుట్టినది ఆమెయే, నలువదేండ్లు చుట్టినది. దాని నూలు కొంత విప్పి నీటిలో విడచి, మిగిలిన కండెను మరల ముడివేసికొనెను. తరువాత ఇసుకలో గూర్చున్నది. ఏడ్వలేదు. సూర్యుడు క్రుంకువరకు గూర్చుంటిమి. అవ్వ నదికావల నేయే యూళ్లున్నవో పేర్లు చెప్పుచుండెను.

ఇది శాస్త్రవిరుద్ధమని యెవరైన నన్నచో వారిని భారతము తెఱవుమని మేమడుగుదుము. స్త్రీపర్వమున యుద్ధానంతరము గాంధారి మొదలుగా కౌరవస్త్రీలెల్లరు గంగయొడ్డునకు బోయినారు. తండ్రులకు, భర్తలకు, కొడుకులకు ఉదకములు విడుచు చోట వారు నిలిచినారు. కర్ణుడు తన కొడుకని కుంతి నోరు విడచి చెప్పినది ఆ నీటియొడ్డుననే; ఇంట నుంచినచో చెప్పియుండెడిది కాదు. రామాయణమున కౌసల్యాదులు మందాకినీతీరమున రాముడుంచిన పిండమును జూచి దుఃఖించిరి. వ్యాసవాల్మీకులు పంపిన చోటికి పంపుటకు మన యిండ్ల పెద్దలకు వెరపేల? కర్మ చేయు నధికారము గూర్చి మేము వాదులాడుటలేదు. కొడుకులు చేయుదురు గాక. పోయినవాడు కలిసిన నీటిని ఇల్లాలు కంట జూడవచ్చునా లేదా యన్నదే మాట. ఇట్టి కోరిక నోట రాక కడుపులో దాచుకొన్న తల్లులు, అత్తలు మీ యిండ్లలోను ఉండవచ్చును. అడిగి చూడుడు.

పోదలచినవారికి కొన్ని సంగతులు. మధ్యాహ్నము కొంతసేపు గుడి మూయుదురు గావున ఉదయముననే దర్శనము ముగించుకొని, మిగిలినది తరువాత నడువవలెను. భరణినాడును, శనివారములందును, ఫాల్గుణమునందును రద్దీ మెండు. ఎండకాలమున నదిలో నీరు మునుగనంత యుండదు. వానకాలమున మెట్లు దాటి లోనికి దిగరాదు. పొడిచీర యొకటి, అడ్డము పట్టుటకు దుప్పటి యొకటి వెంట నుండవలెను. చెప్పులు గుడివద్ద విడిచి యూరంతయు వట్టికాళ్ల నడువనేల, తిరిగి తెచ్చుకొనుడు. ఊరివా రొకరిని, వీలైనచో ముసలివారిని, త్రోవ చూపుట కడుగుడు. పైకము పుచ్చుకొనని వారైనచో పండ్లు గొనిపోవుడు.

బస్సెక్కునపుడు పెద్దమ్మ అవ్వ కాళ్లకు మ్రొక్కబోగా ఆమె పట్టి లేపినది. పుష్కరములకు తప్పక వత్తుమని చెల్లెలు కిటికీనుండి కేకవేసెను.

"పుష్కరాలకు రాకుండ్రి బిడ్డా," అన్నది అవ్వ. "అవి అయినంక ఓ నెలకు రాండ్రి. అప్పుడు నడుద్దాం."